దాతల గురించి పిల్లలకు ఏం చెబుదాం?

బడిలో "దాతలు – సమాజసేవ" అని ప్రాజెక్టు ఇచ్చారంటే మన పిల్లలు ఏం చేస్తారో అందరికీ తెలిసిందే. ఫోనులో వెతికి బిల్ గేట్స్, కార్నెగీ, టాటా, అజీం ప్రేమ్‌జీల బొమ్మలు ప్రింటు తీయించి చార్టు మీద అంటిస్తారు. ఒక్కొక్కరి కింద ఎన్ని వేల కోట్లు ఇచ్చారో స్కెచ్ పెన్నుతో రాస్తారు. టీచరు సంతకం పెడతారు, చార్టు చుట్టి అటక మీద పడేస్తాం.

అందులో తప్పేమీ లేదు, వాళ్ళు నిజంగానే గొప్ప పనులు చేశారు. కానీ ఆ చార్టు చూశాక పిల్లల మనసులో మిగిలే మాట ఒకటుంది. దాత అంటే బాగా డబ్బున్నవాడు. అంటే మనం కాదు, మన ఇంట్లోవాళ్ళు కాదు. పెద్దయ్యాక బోలెడంత సంపాదిస్తే అప్పుడు చూసుకోవచ్చు. ఇంత చదివి నేర్చుకున్నది ఇదే అయితే ఆ పాఠం చెప్పకపోయినా నష్టం లేదనిపిస్తుంది.

మన బెజవాడ చరిత్ర, ఈ కృష్ణా డెల్టా చరిత్ర చూస్తే ఇవ్వడం అనేది ఎప్పుడూ డబ్బున్నవాళ్ళ పని మాత్రమే కాదు. ఆ సంగతి పిల్లలకు అర్థం కావాలంటే ప్రతి దాత గురించీ నాలుగు ప్రశ్నలు అడిగించాలి. ఏం ఇచ్చారు? ఇచ్చింది ఎక్కడి నుంచి వచ్చింది? ఎవరికి అందింది? శిలాఫలకం మీద ఎవరి పేరు లేదు? ఒక్కొక్కటే చూద్దాం.

మొదటి ప్రశ్నకు ఎక్కడికో వెళ్ళక్కర్లేదు. అలమరలో ఉన్న అమృతాంజనం సీసా తీసి పిల్లల చేతిలో పెట్టండి. దాన్ని తయారుచేసిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు మన కృష్ణా జిల్లా ఎలకుర్రులో 1867లో పుట్టారు. మద్రాసులో డిగ్రీ చదివి, ఉద్యోగం వెతుక్కుంటూ ఎక్కడెక్కడో తిరిగి, చివరికి బొంబాయి చేరి 1893లో ఈ మందు మొదలుపెట్టారు. తలనొప్పి మందు అమ్ముకుని హాయిగా ఉండిపోవచ్చు. ఆయన అలా ఉండలేదు. 1908లో బొంబాయి నుంచే ఆంధ్రపత్రిక వారపత్రికగా తెచ్చారు. 1914లో మద్రాసు నుంచి దాన్ని దినపత్రిక చేశారు. 1924లో భారతి మాసపత్రిక, 1926లో ఆంధ్ర గ్రంథమాల పెట్టారు. అమృతాంజనం సంపాదిస్తే పత్రికలు ఖర్చుపెట్టేవని పెద్దవాళ్ళు చెప్పుకునేవారు. గ్రంథాలయాలకు, విద్యాసంస్థలకు, కష్టంలో ఉన్న రచయితలకు ఆయన ఇచ్చిన దానికి లెక్క లేదు. జనం ఆయన్ని దేశోద్ధారక అనీ విశ్వదాత అనీ పిలుచుకున్నారు. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు కూడా వెళ్ళారు. 1938లో పోయారు.

ఆయన ఇచ్చింది ఒక్క డబ్బే కాదని పిల్లలకు చెప్పాలి. ఊళ్ళో అరుగు మీద పదిమంది కూర్చుని ఒకరు చదువుతుంటే మిగతావాళ్ళు వినడానికి తెలుగులో ఒక పేపరు ఇచ్చారు. పూట భోజనం పెడితే ఆ పూట ఆకలి తీరుతుంది. పేపరూ పుస్తకమూ ఇస్తే మనిషి తన సంగతి తాను తెలుసుకుంటాడు. రెండూ కావలసినవే. రెంటికీ తేడా ఏమిటో పిల్లలనే చెప్పమనండి. వాళ్ళు చెప్పే జవాబులు మనం అనుకున్నదానికన్నా బాగుంటాయి.

ఆ రోజుల్లోనే బందరులో ఇంకో రకం దానం జరిగింది. కోపల్లె హనుమంతరావుగారు లా చదువుకున్నవారు. ఆ చదువుతో సంపాదించుకునే దారి వదిలేసి 1910లో ముట్నూరి కృష్ణారావుగారు, భోగరాజు పట్టాభి సీతారామయ్యగారితో కలిసి ఆంధ్ర జాతీయ కళాశాల పెట్టారు. తెల్లవాళ్ళ ఉద్యోగాలకు గుమాస్తాలను తయారుచేసే చదువు కాకుండా చేతిపనులు, చిత్రకళ కూడా నేర్పే బడి అది. జెండా రూపకల్పన చేసిన పింగళి వెంకయ్యగారు అక్కడ పనిచేశారు. హనుమంతరావుగారు ఇచ్చినది తన జీవితకాలం. 1922లో, నలభై రెండు మూడేళ్ళ వయసులోనే పోయారు. చార్టు మీద కోట్ల లెక్క రాసే పిల్లలకు ఈ లెక్క ఎలా రాయాలో తెలియదు. అందుకే ఆయన కథ చెప్పాలి.

ఇక రెండో ప్రశ్న, ఇచ్చింది ఎక్కడి నుంచి వచ్చింది? "అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు" అనే సామెత మనకు ఊరికే రాలేదు.

ఈ డెల్టాలో ఇన్ని కాలేజీలు, సత్రాలు, గుళ్ళు, ఆస్పత్రులు దాతల పేర్లతో ఎందుకున్నాయి? 1832–33లో ఇదే ప్రాంతంలో నందన కరువు వచ్చింది. నందన నామ సంవత్సరంలో వచ్చింది కాబట్టి ఆ పేరు. గుంటూరు జిల్లాలో ఐదు లక్షలమందిలో దాదాపు రెండు లక్షలమంది పోయారని అంచనా. కృష్ణ పక్కనే పారుతున్నా పొలానికి నీళ్ళెక్కే దారి లేదు. 1852 నుంచి 1855 వరకు బెజవాడ దగ్గర ఆనకట్ట కట్టారు. కాలవలు తవ్వారు, నీళ్ళు వచ్చాయి, వరి పండింది. తిండికి పోగా మిగలడం మొదలైంది. ఆ మిగులులోంచే తర్వాతి తరాల్లో బడులు, కాలేజీలు వచ్చాయి. కాబట్టి డెల్టాలో ప్రతి దానం వెనుకా ఒక కాలవ ఉంది. ఆ కాలవ తవ్విన కూలీలున్నారు. మోకాలి లోతు బురదలో నడుం వంచి నాట్లు వేసిన ఆడవాళ్ళున్నారు. జమీందారు బడి కట్టిస్తే ఆ డబ్బు రైతు కట్టిన శిస్తు. రైతు గింజల్లో కూలివాళ్ళ చెమట ఉంది.

బయటి దేశాల సంగతీ ఇంతే. చార్టు మీద ఉండే ఆండ్రూ కార్నెగీ ప్రపంచమంతా కలిపి 2,500కు పైగా గ్రంథాలయాలు కట్టించాడు. అదే కార్నెగీ ఉక్కు కర్మాగారంలో 1892లో, అమెరికాలో హోమ్‌స్టెడ్ అనే చోట, కూలి తగ్గించడం మీద సమ్మె జరిగి కాల్పుల్లో కార్మికులు చనిపోయారు. పిల్లలకు ఈ రెండూ చెప్పాలి. ఒకటి చెప్పి ఒకటి దాస్తే అది కథ అవుతుందిగానీ చరిత్ర కాదు. "అయితే అతను మంచివాడా, చెడ్డవాడా?" అని అడుగుతారు. వెంటనే తీర్పు చెప్పేయకండి. కూలి సరిగా ఇచ్చి గ్రంథాలయాలు కొన్ని తగ్గినా బాగుండేదేమో అని పదేళ్ళ పిల్ల అనగలదు. అంతదాకా ఆలోచిస్తే చాలు.

కార్నెగీ గ్రంథాలయాలు కట్టిస్తున్న కాలంలోనే మన బెజవాడలో ఏ కోటీశ్వరుడూ లేకుండా గ్రంథాలయ ఉద్యమం నడిచింది. 1914 ఏప్రిల్ 10న బెజవాడలో ఆంధ్రదేశంలోని గ్రంథాలయాలవాళ్ళంతా ఒకచోట కూడి సభ పెట్టుకుని ఒక సంఘంగా ఏర్పడ్డారు. దాని వెనుక నిలబడి పనిచేసింది అయ్యంకి వెంకటరమణయ్యగారు. అప్పటికి ఆయనకు పాతికేళ్ళు కూడా లేవు. ఆ సభకు అధ్యక్షత వహించింది చిలకమర్తి లక్ష్మీనరసింహంగారు. ఆయనకు చూపు బాగా తక్కువ, అందుకే ఆయన్ని ఆంధ్ర మిల్టన్ అన్నారు. పుస్తకం తాను చదువుకోవడమే కష్టమైన మనిషి పదిమందికీ పుస్తకాలు అందాలని జరిగిన సభలో పెద్దగా కూర్చున్నారు. ఈ సంగతి ఒక్కటి చెప్పినా పిల్లలు మర్చిపోరు.

ఆ గ్రంథాలయాలు ఎలా నడిచేవి? ఒకరు ఇంటి అరుగు ఇస్తే, ఒకరు పత్రికకు చందా కట్టేవారు, ఒకరు తమ పాత పుస్తకాలు తెచ్చి పెట్టేవారు. 1935లో పాతూరి నాగభూషణంగారు పుస్తకాలను పడవలో పెట్టి కృష్ణా కాలవ వెంట ఊరూరికీ పంపారు. అప్పట్లో ఇవతలి ఊరి నుంచి అవతలి ఊరికి ధాన్యమూ మనుషులూ వెళ్ళింది కాలవల మీదే కదా, పుస్తకాలూ అలాగే వెళ్ళాయి. పొలానికి నీళ్ళు తెచ్చిన కాలవే ఇంటికి పుస్తకం తెచ్చింది. పడవ గ్రంథాలయం బొమ్మ గీయమంటే ఏ పిల్లాడైనా ఉత్సాహంగా గీస్తాడు, బిల్ గేట్స్ ఫొటో అంటించడం కన్నా అది మంచి ప్రాజెక్టు.

మూడో ప్రశ్న ఎవరికి అందింది అని. ఇది అడగడానికి మనం కొంచెం మొహమాటపడతాం.

వెనకటి సత్రాల్లో చాలావాటిలో ఫలానా కులంవాళ్ళకే భోజనం ఉండేది. ధర్మానికి తవ్వించిన బావిలో ఊరి చివర ఉండేవాళ్ళు చేద వేయడానికి లేదు. దాత ఇచ్చాడు, పుణ్యం వచ్చిందనుకున్నాడు, ఎండలో బిందెతో దూరంగా నిలబడ్డ మనిషికి మాత్రం అది అందలేదు. కొందరు దీన్ని గట్టిగా పట్టించుకున్నారు. బందరులో 1862లో పుట్టిన రఘుపతి వెంకటరత్నం నాయుడుగారు ఎవరూ చేరదీయని కులాల పిల్లలను, అనాథలను చదివించారు. కాకినాడ కాలేజీకి ప్రిన్సిపాలుగా, తర్వాత మద్రాసు విశ్వవిద్యాలయానికి వైస్ చాన్సలరుగా పనిచేసినా తన జీతంలో చాలా భాగం పేద విద్యార్థులకే పోయేది. ఉయ్యూరు దగ్గర ముదునూరులో 1940ల్లో గోరాగారు, సరస్వతీ గోరాగారు పున్నమి రాత్రుల్లో అన్ని కులాలవాళ్ళనూ ఒకే పంక్తిలో కూర్చోబెట్టి సహపంక్తి భోజనాలు పెట్టించారు. అక్కడ పెట్టిన కూరకన్నా, పక్కన ఎవరు కూర్చున్నారన్నదే పెద్ద దానం. పుట్టినరోజుకు అనాథాశ్రమంలో భోజనాలు పెట్టిస్తాం కదా, మన పిల్లలు ఆ పిల్లల పక్కన కూర్చుని తింటున్నారా, లేక నిలబడి వడ్డించి ఫొటో దిగి వచ్చేస్తున్నారా అన్నది మనం గమనించుకోవాలి.

నాలుగో ప్రశ్న మన ఆడవాళ్ళది. ఫలకం మీద ఎవరి పేరు లేదు?

1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ సంఘం సమావేశం జరిగింది. తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు పోగుచేయాలని తీర్మానించింది ఇక్కడే. ఆ వెంటనే గాంధీగారు కాకినాడ వెళ్ళారు. అక్కడ దుర్గాబాయి అనే, ఇంకా పన్నెండేళ్ళు నిండని పిల్ల ఉంది. దేవదాసీ స్త్రీలూ, ఘోషాలో ఉండే ముస్లిం స్త్రీలూ గాంధీగారిని విడిగా కలవాలని ఆమె పట్టుదల. ఐదు వేల రూపాయలు నిధికి తెస్తే ఐదు నిమిషాలు ఇప్పిస్తామన్నారు అక్కడి పెద్దలు. పిల్ల ఊరుకుంటుందనుకున్నారేమో. ఊరుకోలేదు. ఆ స్త్రీలే డబ్బు పోగుచేసి ఇచ్చారు. గాంధీగారు వచ్చి మాట్లాడాక, ఒంటిమీద నగలు తీసి ఆయన ముందు కుప్ప పోశారు. ఆ పిల్లే తర్వాత మద్రాసులో 1937లో ఆంధ్ర మహిళా సభ పెట్టిన దుర్గాబాయి దేశ్‌ముఖ్. ఆమె పేరు మనకు తెలుసు. ఆ రోజు గాజులు తీసి ఇచ్చిన స్త్రీల పేర్లు ఏ రాతి మీదా లేవు.

వాళ్ళు ఇచ్చిన దాని విలువ తెలియాలంటే అప్పటి చట్టం తెలియాలి. హిందూ స్త్రీకి తండ్రి ఆస్తిలో కొడుకుతోపాటు వాటా అన్నమాట 1956 దాకా లేదు. ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతురికి సమాన హక్కు మన రాష్ట్రంలో 1980ల్లో వచ్చింది, దేశమంతటికీ 2005లో వచ్చింది. 1921లో చాలామంది హిందూ ఇల్లాళ్ళకు నాదీ అని చెప్పుకోవడానికి ఉన్నది స్త్రీధనమే, అంటే ఎక్కువగా ఒంటిమీద నగలే. జమీందారు వెయ్యి ఎకరాల్లో పది ఎకరాలు రాసిస్తే ఫలకం వేశారు. తనకున్నది రెండు జతల గాజులైతే ఆ రెండు జతలూ ఇచ్చినామె ఇంటికి బోసి చేతులతో వెళ్ళింది. ఈ రెండింట్లో ఏది పెద్దదానమో పిల్లలనే లెక్క కట్టమనండి. శాతాల లెక్క బాగా వస్తుంది కూడా.

పక్క డెల్టాలో, గోదావరి లంకల్లో డొక్కా సీతమ్మగారి కథ అందరం విన్నదే. 1841లో పుట్టి, లంకల గన్నవరంలో డొక్కా జోగన్నగారి ఇల్లాలై, నది దాటి వచ్చిపోయేవాళ్ళకు వేళాపాళా లేకుండా అన్నం పెట్టి 1909లో పోయారు. ఏడవ ఎడ్వర్డు పట్టాభిషేక వేడుకకు ఆమెను పిలిచారనీ, ఆమె వెళ్ళకపోతే ఫొటో తెప్పించుకున్నారనీ చెబుతారు. పిల్లలకు ఆ ముక్క బాగా గుర్తుంటుంది. మనం గుర్తుచేయాల్సింది వేరే ఉంది. పొలం భర్తగారిది. కానీ అర్ధరాత్రి ఎవరో తలుపు తడితే లేచి పొయ్యి రాజేసింది ఎవరు? గ్యాసు లేదు, కుక్కరు లేదు, మిక్సీ లేదు. పుల్లలు ఊది, పచ్చడి రుబ్బి, గిన్నెలు తోముకోవాలి. అన్నదానంలో బియ్యం ఖరీదు సగమే, మిగతా సగం ఆ చాకిరీ. ఆ సగాన్ని ఎవరూ దానమని లెక్కపెట్టరు. ఇంట్లో రోజూ జరిగేది అదే కాబట్టి లెక్కకు రాదు. మన రాష్ట్రంలో బడిపిల్లల మధ్యాహ్న భోజనానికి 2024లో సీతమ్మగారి పేరు పెట్టారు. మీ పిల్లలు ఆ భోజనం తింటున్నా తినకపోయినా, బళ్ళో దాన్ని వండే అక్కలు ఎవరో, ఎంత జీతానికి వండుతున్నారో ఒకసారి అడిగి తెలుసుకోమనండి. సీతమ్మగారి గురించి వ్యాసం రాయడం కన్నా అది అసలైన హోంవర్కు.

ఇదంతా పాతకాలం సంగతి అనుకోనక్కర్లేదు. 1975లో విజయవాడలో రైతులు, వ్యాపారులు, డాక్టర్లు, రకరకాలవాళ్ళు డబ్బు వేసుకుని సిద్ధార్థ అకాడమీ పెట్టారు. ఎంతమంది ఇంజనీర్లు, డాక్టర్లు ఆ కాలేజీల్లోంచి వచ్చారో ప్రతి ఇంటికీ తెలుసు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు, ప్రకాశం బ్యారేజీ దగ్గర నీళ్ళు 11 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు, మన పిల్లలు కళ్ళారా చూశారు. మేడల మీద చిక్కుకుపోయినవాళ్ళకు పడవల్లో, డ్రోన్లతో పొట్లాలు వెళ్ళాయి. ఆ పొట్లాల్లో పులిహోర ఎక్కడిది? వీధివీధినా వంటలు పెట్టుకున్న ఆడవాళ్ళది, హోటళ్ళది, ఊళ్ళ నుంచి వ్యానుల్లో వచ్చింది. ఆ నాలుగు రోజుల దాతల జాబితా రాయాలంటే చార్టు చాలదు.

మరి ఇంట్లో ఏం చేయొచ్చు? నాకు తోచినవి చెబుతాను.

ఊళ్ళో తిరిగేటప్పుడు బడి, ఆస్పత్రి, బస్టాపు మీద ఉన్న శిలాఫలకం కనిపిస్తే ఆగి చదివించండి. "జ్ఞాపకార్థం" అని ఉంటే ఎవరి జ్ఞాపకార్థమో, ఇచ్చింది ఎవరో చూడమనండి. ఫలానావారి ధర్మపత్ని అని రాసి ఆమె పేరు వదిలేసిన రాళ్ళు కూడా దొరుకుతాయి. ఆ సంగతి వాళ్ళే కనిపెడతారు. ఆ పేరు ఏమిటో ఊళ్ళో పెద్దావిడను అడిగి తెలుసుకుని రాసుకోమనండి. చరిత్ర రాయడం అంటే అదే.

వినోబాగారు వెనకటికి సర్వోదయ పాత్ర అని ఒకటి చెప్పారు. ఇంట్లో ఒక కుండ పెట్టుకుని రోజూ ఒక గుప్పెడు గింజలు వేయాలి, వేసేది మాత్రం ఇంట్లో అందరికన్నా చిన్న పిల్ల చెయ్యి కావాలి. పెద్దవాళ్ళ గుప్పెట్లో ఎక్కువ గింజలు పడతాయి కదా, మరి చిన్నపిల్లే ఎందుకు? ఇవ్వడం చిన్న చేతికి అలవాటు కావాలని. బియ్యం డబ్బా పక్కన ఒక స్టీలు డబ్బా పెట్టడానికి పెద్ద ఖర్చేమీ లేదు. నెలాఖరుకు ఆ బియ్యం ఎవరికివ్వాలో పిల్లలే తేల్చుకోవాలి, వాళ్ళే వెళ్ళి ఇవ్వాలి. ఫొటో వద్దు. తీసుకునేవాళ్ళను "అమ్మమ్మా", "బాబాయ్" అని వరస పెట్టి పిలిచి, రెండు నిమిషాలు కూర్చుని మాట్లాడి రావాలి.

పాత బట్టలు, పగిలిన బొమ్మలు ఇచ్చి దానం అనడం మాన్పించాలి. అవి ఇల్లు సర్దుకోవడం. తనకు ఇష్టమైనదాంట్లోంచి కొంచెం తీసి ఇస్తే, ఇచ్చేటప్పుడు మనసు కాస్త వెనక్కి లాగితే, అప్పుడు 1921లో కాకినాడలో ఆ స్త్రీలు గాజులు తీసినప్పుడు వాళ్ళకేమనిపించి ఉంటుందో పిల్లలకు తెలుస్తుంది.

ఈసారి బడిలో ప్రాజెక్టు ఇచ్చినప్పుడు కార్నెగీ బొమ్మ పక్కన కొంచెం చోటు వదిలిపెట్టించండి. అక్కడ పడవ గ్రంథాలయం గీయొచ్చు, పసుపు రంగు మందు సీసా గీయొచ్చు. లేదా వరదప్పుడు మీ వీధిలో పులిహోర కలిపిన ఆవిడ పేరు రాయొచ్చు.